బుచ్చిబాబు గారి రిమోట్

"ఈ అమ్మాయిని టీవీలో కూర్చోబెట్టినవాణ్ణి జైల్లో వెయ్యాలి."

నారాయణగూడ ఇరానీ హోటల్లో గోడ మీది టీవీకి తీర్పు చెప్పి, ఫణికిరణ్ బిస్కట్‌ను చాయ్‌లో ముంచాడు. తెర మీద 'మన గల్లీ' కార్యక్రమం వస్తోంది. యాంకర్ పేరు అనూహ్య.

"మంచిగనే మాట్లాడుతున్నది కద సార్," అన్నాడు కౌంటర్లో కూర్చున్న మొగిలయ్య.

"అది మాట్లాడటమా? కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్నట్టుంది. ఆ యాసేంటి, ఆ సాగదీయడమేంటి?"

"కూరగాయలు కొనేటోళ్లు టీవీ చూడరా సార్?"

ఈసారి మాట వెనక టేబుల్ నుంచి వచ్చింది. ఫణి తిరిగి చూశాడు. బిస్కట్ విరిగి చాయ్‌లో మునిగిపోయింది. తెర మీద ఉన్న ముఖమే ఎదురుగా ఉంది. మేకప్ లేదు. కోపం మాత్రం ఉంది.

"అది... లైవ్ కాదా?"

"పొద్దుగాల రికార్డ్ చేసినం. తిట్లు మాత్రం లైవ్‌ల ఇంటున్న."

బయట వాన మొదలైంది. ఆమె దగ్గర గొడుగు లేదు. అతని దగ్గర ఉంది. క్షమాపణ చెప్పడానికి అంతకన్నా మంచి మార్గం ఫణికి తోచలేదు. ఆమె ఇల్లు చిక్కడపల్లిలో, అతనిది ఆ పైన అశోక్‌నగర్‌లో. దారి ఒక్కటే.

"ఏం పని చేస్తరు సార్? అందరి నోళ్లల్ల తప్పులు ఏరుడేనా?"

"ఉద్యోగం సాఫ్ట్‌వేర్. తప్పులు ఏరడం మా ఇంటి ఆచారమండీ, మా నాన్న నుంచి వచ్చింది."

నిజమే. ఏజీ ఆఫీసులో రిటైరైన వాళ్ల నాన్న బుచ్చిబాబు రోజూ సాయంత్రం రిమోట్ పట్టుకుని న్యాయమూర్తిలా కూర్చుంటాడు. యాంకర్ పలికే తీరు నచ్చకపోతే ఒక్క నొక్కు. ఛానెల్ మారిపోతుంది. అప్పీలు లేదు. ఆ రిమోట్ ఆయన చెయ్యి దిగడం ఫణి ఎప్పుడూ చూడలేదు.

"మరి నన్నేమంటడు మీ నాన్న?"

"మీ ప్రోగ్రాం మొదలైనప్పటినుంచి అయిపోయేదాకా తిడుతూనే ఉంటాడు."

ఆమె పకపకా నవ్వింది. గొడుగు కింద చోటు చాలక సగం తడిసిన ఫణికి ఆ నవ్వు చాలాసేపు చెవిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత వాన లేకపోయినా ఇద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టారు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఒకరోజు అనూహ్య నడక మధ్యలో ఆగిపోయింది.

"ఏడు గంటల న్యూస్ నన్ను సదువుమంటున్నరు, ఫణీ. కానీ యాస కనబడొద్దంట. ముందు కొన్నాళ్లు ట్రయల్ చూస్తరంట. నువ్వు నేర్పుతవా?"

ఫణి గుండె ఎగిరి గంతేసింది. ఆమెకు ఉద్యోగం వస్తుందన్న ఆనందం సగమే. మిగతా సగం ఏమిటో ఆమెకు చెప్పలేదు.

నడుస్తూనే పాఠాలు. సాగదీసిన చోట కత్తిరించాడు. ఊపు ఉన్న చోట ఇస్త్రీ చేశాడు. ఆమె ఒక్కోసారి విసుక్కుంది. "మా అమ్మ, ఎవరింటి పిల్ల లెక్క మాట్లాడుతున్నవే అంటున్నది," అని చెప్పింది. అతను నవ్వేసి, "మళ్లీ చదువు," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. అశోక్‌నగర్ ఇంట్లో ఫణి నాన్న పక్కనే కూర్చున్నాడు. అనూహ్య వార్తలు మొదలుపెట్టింది. ప్రతి అక్షరం అచ్చుగుద్దినట్టు పలికింది. ఒక్క తప్పు లేదు.

బుచ్చిబాబు రిమోట్ నొక్కాడు. ఛానెల్ మారిపోయింది.

"నాన్నా! తప్పేముంది?"

"తప్పేం లేదురా. ఆ పిల్లే లేదు." బుచ్చిబాబు నిట్టూర్చాడు. "ఇదివరకు గల్లీల గురించి చెప్పేది చూడు, ఎంత తిట్టుకున్నా చివరిదాకా కదలబుద్ధయ్యేది కాదు. నాతోనే చెబుతున్నట్టుండేది. ఇప్పుడు అద్దెకు తెచ్చుకున్న గొంతుతో చదువుతోంది. ఎవడో పాడు చేశాడు."

ఆ ఎవడో అక్కడే తల దించుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఇరానీ హోటల్లో ఎదురుచూసి, ఆమె కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాడు.

"నేను నిన్ను వార్తలకి తయారు చెయ్యలేదు అనూహ్యా. మా నాన్న రిమోట్‌కి తయారు చేశాను. రేపు నిన్ను ఇంటికి తీసుకెళ్తే ఆయన వంక పెట్టకూడదని. నువ్వంటే ప్రాణం నాకు. ఆ మాట చెప్పే ధైర్యం లేక నిన్నే మార్చాను."

అనూహ్య కుర్చీ లాక్కుని కూర్చుంది. మొగిలయ్య తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

"అంటే, నన్ను ప్రేమించినవ్. నా నోరు మాత్రం వద్దనుకున్నవ్."

"ఆ రోజు వెనక టేబుల్ నుంచి వచ్చిన మాటకే కదా నేను పడిపోయింది! ఆ సంగతి నిన్నటిదాకా నాకే తెలియలేదు."

"బాగనే చెప్తవ్." ఆమె కళ్లు తుడుచుకుంది. "నాక్కూడ ఆ గొంతు కొత్త చెప్పు లెక్క కరుస్తున్నది. ఇయ్యాల నా తీరుగ సదువుత."

"ట్రయల్ పోతే?"

"పోతే పోని. నా మాట నాకుంటది. నువ్వుంటవో లేదో, అది సూసుకో."

ఆ సాయంత్రం ఏడింటికి ఫణి మళ్లీ నాన్న పక్కన కూర్చున్నాడు. అనూహ్య చదివింది. మాట స్పష్టంగానే ఉంది, కానీ ఆ చిక్కడపల్లి ఊపు తిరిగొచ్చింది. మురుగు నాలాలు పొంగిన వార్త చెబుతుంటే పక్కింటి పిల్ల గుమ్మంలో నిలబడి, జాగ్రత్త అని చెబుతున్నట్టుంది.

బుచ్చిబాబు చెయ్యి లేచింది. ఫణి కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి.

"ఆ సాగదీయడం చూడు, రైలుబండిలా!" అని గొణిగి, బుచ్చిబాబు రిమోట్‌ను బల్ల మీద పెట్టేశాడు. వంటగదిలోంచి తొంగిచూసిన ఫణి వాళ్లమ్మ కమలాకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

వార్తలయ్యాక ఫణి ఫోన్ మోగింది. అనూహ్య మెసేజ్. "ఎడిటర్ సార్ రేపు గూడ ఇట్లనే సదువుమన్నడు. మీ ఇంట్ల ఛానెల్ మారిందా?"

అతను జవాబు రాసేలోగా బుచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు.

"వార్తలు చూసేవాడు టీవీ వంక చూస్తాడురా. నువ్వు రెండు రోజులుగా నా చెయ్యి వంక చూస్తున్నావు. ఆ పిల్లను ఆదివారం భోజనానికి రమ్మను. తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, ఎదురుగానే తిడతాను."

ఒక్క క్షణం ఆగి, కొడుకు వైపు తిరగకుండా అన్నాడు.

"నువ్వు మాత్రం మధ్యలో దూరి దిద్దకు."