నడిచి చూసినాను

తిరువళ్లూరు బస్టాండులో తిరుత్తణి బండి ఎప్పుడొస్తుందని అడిగి చూడండి. టీ కొట్టాయన ఒకటి చెబుతాడు, పూలమ్మే ఆమె ఇంకొకటి చెబుతుంది. గోడమీద రాసిన పలక మూడోది చెబుతుంది. బండి మాత్రం దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. మణవాళనగర్ హేమనాథ్‌కి ఇది చిన్నప్పటినుంచీ ఒళ్లు మండే సంగతి. కంప్యూటరు చదువు చదివి ఉద్యోగంలో కుదురుకున్నాక, ఇంక ఎవరినీ అడిగేది లేదు, నా మ్యాపు నేనే గీసుకుంటాను అని పట్టుబట్టి కూర్చున్నాడు.

రెండేళ్లపాటు ఒక్క శనివారమూ, ఒక్క ఆదివారమూ ఇంటిపట్టున లేడు. ఆ చుట్టుపక్కల తిరిగే ప్రతి బస్సూ ఎక్కినాడు, ప్రతి స్టాపులో దిగినాడు, ఫోను చేతబట్టుకుని చుక్క పెట్టినాడు. స్టాపునుంచి ఊళ్లోకి పోయే కాలిబాటలు కూడా గీసినాడు. ఎక్కడికి పోవాలో కొడితే చాలు, ఏ బస్సు ఎక్కాలో, యాడ దిగాలో, దిగినాక ఎంత నడవాలో అన్నీ చెప్పేస్తుంది. దానికి 'దారి' అని పేరు పెట్టి, అరవంలోనూ తెలుగులోనూ జనానికి ఊరికే ఇచ్చేసినాడు. అందులో ప్రతి బాట కిందా ఒక మాట ఉండేది: 'నడిచి చూసినాను – హేమనాథ్.' జనం నమ్మింది ఆ మాటనే.

ఒక్క స్టాపులో మాత్రం ఆయన దిగలేదు, ఒక్క బాట మాత్రం నడవలేదు.

తిరుత్తణి రోడ్డుమీద ఏరిమేడు అని ఒక స్టాపు. అక్కడినుంచి కొల్లమిట్టకి రోడ్డున చుట్టు తిరిగి పోతే మూడు కిలోమీటర్లు. ఆ రోజు ఎండ మాడ్చేస్తా ఉంది, కాళ్లు పీకుతా ఉన్నాయి. బస్సు దిగకుండానే, ఆకాశంనుంచి తీసిన ఫోటో తెరిచినాడు. ఎండిపోయిన ఏరి, అదే ఆ ఊరి చెరువు, దాని నడుమ తెల్లగా ఒక బాట కనిపించింది. కూర్చున్న చోటినుంచే దానిమీద గీత గీసి, కింద ఆ మాట రాసేసినాడు. వానలు పడితే ఆ ఏరి నిండుతుందని, లారీలవాళ్లు మట్టి తోడుకుపోయిన గుంతలు నీళ్లకింద కనబడవని ఆ ఊళ్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఈ మహానుభావుడు బస్సు దిగి ఉంటే గదా, ఆయనకి తెలిసేది.

పోయినేడు ఐప్పసి నెలలో, అదే అరవంవాళ్ల వానల నెలలో, సాయంత్రం ఆరు దాటినాక, 'దారి'లో ప్రశ్నలడిగే పెట్టెలోకి ఒక మాట వచ్చింది. 'అన్నా, ముందర నీళ్లు కనబడతా ఉండాయి. ఈ దారి సరిగ్గానే ఉందా? – యువరాణి.'

హేమనాథ్ అప్పుడు స్నేహితులతో బిరియానీ తింటా ఉన్నాడు. ఇట్లా అడిగేవాళ్లు రోజూ పదిమంది ఉంటారని ఒక జవాబు ముందే రాసి పెట్టుకున్నాడు. ఏ దారో, ఎవరో చూడలేదు. ఎడమచేత్తో మీట నొక్కినాడు. 'ఈ దారి నడిచి చూసినదే. ధైర్యంగా పోండి.'

ఆ పిల్ల ధైర్యంగా పోయింది.

మూడోనాడు శవమై తేలింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్ల, కొల్లమిట్టలో తోటి పనిపిల్ల ఇంటికని మొదటిసారి బయల్దేరిందంట. పేపర్లో నాలుగు ముక్కలు వేసినారు. జనం నలభై ముక్కలు కలిపినారు. ఎవడితోనో తిరిగిందని, వాడు వదిలేస్తే ఏరిలో దూకిందని, ఇంకా ఏమేమో. హేమనాథ్ ఆ వార్త చదివినాడు. పేరు చూసినాడు. తలుపు గడియ పెట్టుకుని ఆ గీత తుడిచేసినాడు, ఆమె అడిగిన మాట తుడిచేసినాడు, తానిచ్చిన జవాబు తుడిచేసినాడు. నోరు మాత్రం విప్పలేదు. పోయిన పిల్ల ఎట్లాగూ రాదు గదా అని తనకి తానే చెప్పుకున్నాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ ఐప్పసి, మళ్లీ వానలు.

హేమనాథ్ చెల్లెలు జననికి ఆ రోడ్డు పక్కనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బండి సాయంత్రం ఏరిమేడులో దింపుతుంది, అక్కడ ఊరిబస్సు పట్టుకుని ఇంటికొస్తుంది. ఆ శనివారం హేమనాథ్ తిరుత్తణిలో బస్సు వేళలు రాసుకుని బైకుమీద తిరిగొస్తా ఉన్నాడు. వచ్చేదారిలో నిన్ను ఎక్కించుకుంటాను, స్టాపులోనే ఉండు అని చెల్లెలికి పొద్దున్నే చెప్పినాడు.

కనకమ్మచత్రం దాటినాక వాన జోరందుకుంది. ఒక మూసేసిన అంగడి చూరుకింద బైకు ఆపి ఫోను తీసినాడు. ఆరూ పది. పెట్టెలో ఒక మాట వచ్చి ఉంది.

'అన్నా, ముందర నీళ్లు కనబడతా ఉండాయి. ఈ దారి సరిగ్గానే ఉందా? – జనని.'

హేమనాథ్‌కి ఆ మాటలు బాగా గుర్తే. మ్యాపు తెరిచినాడు. తాను తుడిచేసిన గీత ఏరికి అడ్డంగా మళ్లీ ఉంది. చుక్క చుక్కగా, స్టాపునుంచి నీళ్ల నడిమికి. దానికింద తన పేరు.

'వద్దు, ఆగు' అని కొట్టి పంపినాడు. పోయింది. ఏం పోయిందో చూసినాడు.

'ఈ దారి నడిచి చూసినదే. ధైర్యంగా పోండి.'

మళ్లీ కొట్టినాడు. వెనక్కి రా జననీ. పంపినాడు. 'ధైర్యంగా పోండి.' మళ్లీ... 'ధైర్యంగా పోండి.' ఏం రాసినా అదే పోతా ఉంది. చెల్లెలికి ఫోను చేసినాడు. ఎత్తినారు. మాట లేదు. నీళ్లలో ఎవరో మెల్లగా నడిచే చప్పుడు. తర్వాత చెవికి ఆనుకుని చెప్పినట్టు, చాలా దగ్గరగా...

"నువ్వే గదన్నా పొమ్మన్నావు."

ఆ గొంతు జననిది కాదు.

బైకు ఎట్లా నడిపినాడో ఆయనకే తెలీదు. ఏరిమేడు చేరేసరికి వెలుతురు చివరికొచ్చింది. స్టాపు వైపు చూడను కూడా చూడలేదు. బైకు పడేసి కట్ట ఎక్కినాడు. కుళ్లిన నాచు వాసన, తడిమట్టి వాసన ముక్కుకి కొట్టినాయి. కప్పల అరుపు లేదు, వాన చప్పుడు కూడా ఆగిపోయింది. ఏరి నడుమ ఒక ఫోను వెలుతురు మెల్లగా ముందుకి పోతా ఉంది.

"జననీ!"

వెలుతురు ఆగింది. ఆయన కోసమే ఆగింది.

నీళ్లలోకి దిగినాడు. మోకాలి లోతు. నడుము లోతు. చేతిలో ఫోను, అందులో నీలం చుక్క, ఆ చుక్క తానే. సరిగ్గా ఆ గీతమీదే నడుస్తా ఉంది, ఇటు జానెడు పోదు, అటు జానెడు పోదు. వెనక్కి తిరగాలని చూసినాడు. కాళ్లు తిరగలేదు. ఇంకో అడుగు... కింద నేల లేదు.

మునిగినాడు. లేచినాడు. మళ్లీ మునిగినాడు. అప్పుడు చల్లటి చెయ్యి ఒకటి ఆయన మణికట్టు పట్టుకుంది. పైకి లాగలేదు. కిందికీ తొయ్యలేదు. ఊరికే పట్టుకుంది.

"నడువన్నా... నడిచి చూడు."

"నడవలేదు!" నీళ్లు మింగుతా అరిచినాడు హేమనాథ్. "నేను నడవలేదు, చూడకుండానే రాసేసినాను! యువరాణి దూకలేదు, నేనే పొమ్మన్నాను!"

చెయ్యి వదిలింది. ఇంకెవరివో చేతులు చొక్కా పట్టి లాగినాయి.

కళ్లు తెరిస్తే కట్టమీద ఉన్నాడు. ఊరి మగవాళ్లు ఇద్దరు రొప్పుతా కూర్చున్నారు. పక్కనే జనని, తల కూడా తడవకుండా, గొడుగుకింద.

"యాడికి పోతివన్నా? నేను స్టాపులోనే ఉండాను గదా. మధ్యాన్నమే నా ఫోనులో చార్జి అయిపోయింది. ఈయమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉండె."

ఈయమ్మ అంటే కోకిల, యువరాణి తల్లి. కూతురు పోయిననాటినుంచీ వానాకాలమంతా సాయంత్రమైతే ఆ స్టాపులో కూర్చుంటుంది. ఏ ఆడపిల్లనీ ఆ కట్ట ఎక్కనీదు. ఆయన నీళ్లలో అరిచిన ప్రతి మాటా ఆమె విన్నది.

ఆమె హేమనాథ్ ముందుకొచ్చి నిలబడింది.

"ఊరంతా నా బిడ్డ పరువు తీస్తా ఉంటే, నీకు తెలిసే ఊరకుంటివా తంబీ?"

కోకిల మెళ్లో సిలువని పిడికిట్లో పట్టుకుంది.

"ఆ మాట నువ్వు యాడ రాసినావో ఆడనే నిజం రాయి. అందరూ చూసేటట్టు రాయి. నా బిడ్డ దోవ అడిగిందని, నువ్వు అబద్ధం చెప్పినావని."

"రాస్తానమ్మా. ఈ రోజే రాస్తాను" అన్నాడు హేమనాథ్.

ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకుని, పొడి బట్టలు కట్టుకున్నాడు. జనని కాఫీ ఇచ్చింది. మేలైన కాఫీ. ఒంట్లో వణుకు తగ్గేకొద్దీ మనసు కూడా మెల్లగా పాత దోవకే వచ్చింది. ఉద్యోగం ఏమవుతుందో. పోలీసులు వస్తే? రెండేళ్ల కష్టం గదా. నాలుగు రోజులు ఆగి, ఎవరైనా వకీలుని అడిగి...

"రాసినావా అన్నా?" అని అడిగింది జనని.

"రేపు రాస్తాలే. ఫోను నీళ్లలో పోయింది గదా."

"నా ఫోను ఉంది గదా, చార్జి ఎక్కింది. దీంట్లో రాయి" అని 'దారి' తెరిచింది. తెరిచి, అట్లాగే నిలబడిపోయింది. "అన్నా, ఈ బాట ఎప్పుడు గీసినావు?"

హేమనాథ్ తొంగి చూసినాడు. ఏరి నడుమనుంచి ఒక కొత్త గీత బయల్దేరి ఉంది. కట్ట దిగి, తిరుత్తణి రోడ్డు వెంబడే వచ్చి, మణవాళనగర్‌లో వాళ్ల వీధి మలుపు తిరిగి, వాళ్ల ఇంటి గడప దాటి లోపలికొచ్చి ఆగింది. కింద ఈ రోజు తేదీ. తేదీ పక్కన, ఎప్పుడూ తన పేరుండే చోట...

'నడిచి చూసినాను – యువరాణి.'