ఐదో బండ

నరసరావుపేట బట్టల బజారులోని డిటెక్టివ్ ఆఫీసు మేడమెట్లు ఎక్కి వచ్చిన యేసుపాదం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కూర్చోలేనమ్మా. ఠాణాలో రెండ్రోజులు కొట్టారు."

డిటెక్టివ్ మంగతాయారు కళ్లజోడు సవరించుకుంది. కోర్టు గుమాస్తా పని వదిలి ఆమె దగ్గర చేరిన జావీద్ నోటుబుక్కు తెరిచాడు.

గురజాల అవతల తన ఊళ్లో వీరగల్లుకి యేసుపాదం కాపలాదారు. ఎప్పటి పోరులోనో పడిన వీరుడి రాయి అది. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించి నీలం బోర్డు పాతింది. ఆదివారం ఉదయం అతను చర్చికి పోయి వచ్చేసరికి రాయి లేదు. అతనే అమ్ముకున్నాడని ఊరిపెద్ద రాఘవయ్య ఫిర్యాదు ఇచ్చాడు.

"రాయి దొరక్కపోతే ఉజ్జోగం పోద్ది, జైలు కూడా."

"పట్టపగలు లేపుకుపోతే ఊళ్లో ఒక్కళ్లూ చూళ్లేదా?"

"చూసినా నాకోసం చెప్పేదెవరమ్మా?"

ముగ్గురూ ఊరికి వెళ్లేసరికి రాయి ఉన్నచోట గొయ్యి మిగిలింది. శనివారపు వానకి నానిన రేగడి ఎండిపోయి, ట్రాక్టరు చారలూ అడుగులూ అచ్చు పోసినట్టున్నాయి. కంచె దాకా చెప్పుల గుర్తులు. లోపలంతా వట్టి పాదాలు.

"బూట్లెప్పుడన్నా విప్పుతావా?" అంది మంగతాయారు.

"షుగరు పుండమ్మా. వట్టికాళ్లతో నేల తొక్కొద్దన్నాడు డాక్టరు."

రోడ్డవతల సగం లేచిన స్తంభాలు తుప్పు ఊచలతో నిలబడి ఉన్నాయి.

"రాఘవయ్యగారి ఫంక్షన్ హాలు," అన్నాడు యేసుపాదం. "రాయికి నూరు మీటర్లలో కట్టకూడదని ఆపించారు. తమ వంశపు వీరుడని అర్జీలు పెట్టి బోర్డేయించిందీ ఆయనే."

రాఘవయ్య మర్యాదగానే మాట్లాడాడు. "కాపలా వాడే దొంగైతే ఏంది చేసేది?" అన్నాడు. వాకిట్లోంచి గొడ్లచావిడి దాకా నాపబండలు పరిచి ఉన్నాయి. చావిడి చూద్దామని జావీద్ నడవబోయి ఐదో బండ మీద కాలేశాడు.

"అయ్యో!" అంది రాఘవయ్య భార్య శేషమ్మ. చెయ్యి కళ్లకద్దుకోబోయి ఆగింది. "జారుద్ది నాయనా."

బండ పొడిగానే ఉంది. జావీద్ అది పట్టించుకోలేదు. మంగతాయారు పట్టించుకుంది.

మర్నాడు ఎస్సైనీ ఊరి పెద్దల్నీ ఆమె ఆ వాకిట్లోకే పిలిపించింది.

"అమ్ముకునేవాడు చెప్పులు విప్పి దొంగతనం చెయ్యడు. రాయికి మొక్కేవాళ్లే విప్పుతారు. బూటు విప్పలేని యేసుపాదం కాదు. రాయి పోతే బోర్డు పోద్ది, హాలు లేస్తుందనుకున్నవాళ్లు ఎవరు? పగలగొట్టడానికి చేతులు రాలేదు. దాచారు, బోర్లా. నిన్నంతా చూశాను. శేషమ్మగారు పాలబిందెతో, రాఘవయ్యగారు చుట్టతో, అందరూ ఐదో బండ దాటే నడిచారు. మిగతా బండల నిండా పేడ. దాని మీద చుక్క లేదు, కడిగారు."

గునపం వేసి తిరగేశారు. కత్తి ఎత్తిన వీరుడు బయటపడ్డాడు.

రాఘవయ్య తల వంచుకున్నాడు. ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "రాయి దొరికిందిగా. రాజీ పడండి."

"వాళ్ల వంశపు రాయేగా," అన్నాడొక పెద్దమనిషి.

"ఏదో జరిగిపోయింది లేరా యేసుపాదం," అన్నాడు రాఘవయ్య.

యేసుపాదం నొప్పికి మూలుగుతూ వంగి, తువ్వాలతో వీరుడి మొహాన మట్టి తుడిచాడు.

"రాతి మీద కాలెయ్యటానికి మీ ఇంటిల్లిపాదికీ భయమేసిందయ్యా. నా మీద వెయ్యటానికి ఒక్కరికీ వెయ్యలా."

చావిడిలో బర్రె అరిచింది. శేషమ్మ బిందె చంకనెత్తుకుని, అలవాటుగా, ఐదో బండ లేచిన ఖాళీ గోతిని కూడా దాటుకుంటూ వెళ్లింది.