తీసేసిన శబ్దాలు

ఆ రోజు మా వీధికి కరెంటు షట్‌డౌన్. ఉదయం తొమ్మిది నుంచి నాలుగింటి దాకా. రాజపాళయంలో నెలకోసారి ఇది మామూలే కాబట్టి ముందు రోజే ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసి పెట్టుకున్నాను.

మాది మూడు గదుల ఇల్లు. నడిమి గదిని స్టూడియో అని గొప్పగా చెప్పుకుంటాను గానీ, గోడలకు పాత పరుపులు కట్టి, కిటికీకి చెక్క బిగించిన గది, అంతే. పట్టపగలు కూడా లోపల చీకటి. చెమ్మగిల్లిన దూది వాసన. అందులో కూర్చుని బడి పిల్లల కోసం అరవ పాఠాలు చదివి, రికార్డు చేసి, శుభ్రం చేసి చెన్నైకి పంపడం నా పని. పక్క గదిలో మా అమ్మ తంగమ్మాళ్. ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేసి, అక్కడి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల. పగలూ రాత్రీ ఆ ఈలే. ఇంట్లో మేమిద్దరమే. మూడో ప్రాణి, అమ్మ గది గడపకు అడ్డంగా పడుకునే మణి.

మణి మా ఊరి జాతి తెల్ల కుక్క. ఈ జాతిలో కొన్నింటికి పుట్టు చెవుడు ఉంటుంది. మణి పక్కన టపాకాయ పేలినా కన్ను తెరవదు. కానీ నేల మీద అడుగు పడితే ఆ అదురు దానికి తెలిసిపోతుంది. లేచి, పక్కకు జరిగి, దారి ఇస్తుంది. మనిషి దాటాక మళ్ళీ వచ్చి అడ్డంగా పడుకుంటుంది. మా ఇంట్లో మర్యాద తెలిసినది అదొక్కటే.

ఎన్ని పరుపులు కట్టినా అమ్మ ఈల నా రికార్డింగుల్లో పడేది. విసుగొచ్చేది. దాచడం దేనికి, ఒక్కోసారి కోపమే వచ్చేది.

శబ్దం శుభ్రం చేయడానికి మేము ప్లగ్-ఇన్‌లు వాడతాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు అన్నమాట. వాటిని ఒకదాని వెనక ఒకటి గొలుసుగా పెట్టాలి. వరస తప్పకూడదు. బియ్యం కడిగాకే కదా ఎసట్లో వేస్తాం. అట్లాగే ముందు చెత్త శబ్దం తీసేది, తరవాత గొంతును సమం చేసేది, ఆఖర్న మెరుగు పెట్టేది. మొదటిదానికి చెత్త అంటే ఏదో మనమే నేర్పాలి. మనం మాట్లాడని చోట మూడు సెకండ్లు ఎంచి చూపిస్తే చాలు, అలాంటిది ఎక్కడున్నా తీసేస్తుంది. నేను చూపించిన మూడు సెకండ్లలో ఉన్నది అమ్మ ఊపిరి. ఆ గొలుసుకు 'అమ్మ' అని పేరు కూడా పెట్టి దాచుకున్నాను. అప్పుడది నాకు నవ్వులాటగా ఉండింది.

షట్‌డౌన్ రోజు పొద్దున సౌందరరాజన్ ఫోన్ చేశాడు. చెన్నైలో నా పాఠాలు విని సరే అనాల్సింది ఆయనే.

"వెనకాల ఇంకా ఏదో ఈల వినపడుతోందయ్యా. మధ్యాహ్నంలోగా ఇరవై నాలుగు పాఠాలూ సరిచేసి పంపు."

చెత్త శబ్దం ఎంత గట్టిగా తీయాలో చెప్పే మీట ఒకటుంటుంది, అప్పటిదాకా అరవై దగ్గర ఉంచిన దాన్ని నూటికి నూరుకు తోశాను. ఇరవై నాలుగింటికీ ఒకేసారి గొలుసు తగిలించాను. ముసలి బ్యాటరీ, ఆ బరువుకు గబగబా దిగిపోసాగింది.

అంత గట్టిగా తీస్తే ఒక్కోసారి మన మాటలు కూడా కొట్టుకుపోతాయి. అది చూసుకోవడానికి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే, తీసేసిన శబ్దం మాత్రమే వినిపిస్తుంది. మూడు నెలలుగా నేను దాని జోలికి పోలేదు. ఆ రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని తొమ్మిదో పాఠంలో నొక్కాను.

ఈల. మళ్ళీ ఈల. నా మాట ఒక్కటీ లేదు. బాగానే ఉందనుకున్నాను.

"నందూ..."

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. తలుపు మూసే ఉంది. ఆ గొంతు హెడ్‌ఫోన్‌లోదే.

"నందూ... కొంచెం నీళ్ళు ఇయ్యప్పా... గొంతు ఎండిపోతా ఉండాది..."

పదో పాఠం తెరిచాను. "నందూ..." పదమూడో పాఠం. "వచ్చి పోప్పా..."

మూడు నెలలు. చెవులు మూసుకుని నేను పాఠాలు చదువుతుంటే, గోడ అవతల అమ్మ పిలుస్తూనే ఉంది. ఆ పిలుపుల్ని చెత్త కింద తుడిచేసింది నేనే. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. రోజూ పొద్దున అమ్మ గది అలమరలో చెంబు నిండా నీళ్ళు పెట్టేవాణ్ణి. సాయంత్రానికి ఖాళీ అయ్యేది. గోడ పట్టుకుని లేచి తానే తాగుతోందనుకునేవాణ్ణి.

మళ్ళీ విన్నాను. పిలుపు. ఈల. ఆ తరవాత... గ్లాసు చెంబుకు తగిలిన చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు. గుటక.

"చాలప్పా," అంది అమ్మ.

ఎవరితో?

ప్రతి పాఠంలోనూ అదే. పిలుపు, గ్లాసు, గుటక. చాలప్పా.

పాఠం ఆపి హెడ్‌ఫోన్ లాగేశాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

ఈల లేదు.

పరుగెత్తాను. మణి లేచి దారి ఇచ్చింది. అమ్మ నోరు తెరుచుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. రొమ్ము కదలడం లేదు.

"అమ్మా! అమ్మా, చూడమ్మా!"

ఆవిరి మందు పట్టే మెషిన్‌కు కరెంటు లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే సేత్తూరు దగ్గర ఉన్నారట, ఇరవై నిమిషాలన్నారు. మీటను నూరుకు తోసింది గుర్తొచ్చింది. అమ్మ ఊపిరిని కూడా అదే తీసేసిందేమో. పిచ్చి ఆలోచనే. కానీ నా చేతుల్లో ఇంకేముంది? ల్యాప్‌టాప్ తెచ్చి అమ్మ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్ వైరు పీకి, తీసేసిన శబ్దాన్ని బయటికి వినిపించాను.

ల్యాప్‌టాప్‌లో ఈల. అమ్మ రొమ్ము లేచింది.

ఇంకో ఈల. ఇంకోసారి లేచింది.

పాఠం అయిపోయింది. రొమ్ము ఆగిపోయింది.

ఇంకో పాఠం పెట్టాను. మళ్ళీ లేచింది. ఇంకొకటి... ఇంకొకటి... బ్యాటరీ ఆరు శాతం. నాలుగు. అంబులెన్సు జాడ లేదు. మూడు. ఆ దేవుణ్ణి, ఈ దేవుణ్ణి, ఆఖరికి ఆ ల్యాప్‌టాప్‌ను కూడా బతిమాలుకున్నాను. రెండు.

'అమ్మ' గొలుసు తెరిచాను. నేర్పిన మూడు సెకండ్లనూ చెరిపెయ్యమన్నాను. చెరిపితే తిరిగి రాదు, సరేనా అని అడిగింది. సరే నొక్కాను.

తెర నల్లబడింది.

ఏమీ లేదు... ఏమీ లేదు...

అప్పుడు అమ్మ గొంతులోంచి ఈల వచ్చింది. పెద్దగా, గరగరమంటూ. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కాసేపటికి కళ్ళు తెరిచింది. "ఏమప్పా, ఎందుకు ఏడుస్తా ఉండావు?"

"ఇంక నువ్వు పిలిస్తే వస్తానమ్మా. సత్తియంగా వస్తా."

"ఎప్పుడూ వస్తానే ఉండావే." నా వేళ్ళు తడుముతోంది. "పిలిచినప్పుడంతా వచ్చి నీళ్ళు ఇచ్చినావే. ఎప్పుడూ జిల్లని ఉంటుంది నీ చెయ్యి. ఈ పొద్దు మాత్రం ఏమప్పా, ఇంత వేడిగా ఉండాది?"



అమ్మ కళ్ళు మూసుకుంది. ముఖం నా వైపు నుంచి తలుపు వైపు తిప్పింది.

"నీళ్ళు ఇయ్యప్పా," అంది.

నేను కదల్లేదు. ఆమె చెయ్యీ వదల్లేదు.

గడప మీద మణి కళ్ళు తెరిచింది. లేచి, పక్కకు జరిగి, దారి ఇచ్చింది.