కుయీకాలో ఏడ్చిన గొంతు

అమావాస్య... అసురసంధ్య వేళ! ఐసెలిన్‌లోని ఆ పాత ఇంటి బేస్‌మెంట్‌లో, మెరుపు మెరిసినప్పుడల్లా నెత్తుటి ముగ్గులోని కపాలం ఇకిలిస్తోంది. బయట గుడ్లగూబ అరిచింది.

ముగ్గు ముందు శ్రీవిద్య కూర్చుంది. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో నెవార్క్ క్లబ్బుల్లో బ్రెజిల్ సాంబా పాటలు. ఏళ్ల తరబడి పాడినా చప్పట్లు కొట్టిన నాథుడు లేడు. ఆశ ఎంతపనైనా చేయిస్తుంది. జనం వెర్రెత్తిపోయే గొంతు ఇప్పిస్తాను, బదులుగా నీ గొంతు ఇవ్వాలన్న క్షుద్రోపాసకుడు రాఘవులుకు తలూపింది. ఆనాటి నుంచి పాడినప్పుడల్లా ఆమె నోట పలికింది చచ్చిపోయిన బ్రెజిల్ గాయని లుజీయా కంఠం! రికార్డింగ్ కాంట్రాక్టులు వచ్చిపడ్డాయి. కూతురు నైనిక మాత్రం చెవులు మూసుకునేది.

"మమ్మీ, అది నీ వాయిస్ కాదు. నాకు స్కేరీగా ఉంది."

ఇప్పుడు ఆ బదులు తీర్చే గడువొచ్చింది; రాఘవులు ఒళ్లో కుయీకా ఉంది. సాంబాలో వాయించే డప్పు అది. లోపలి పుల్లను తడిగుడ్డతో రుద్దితే మనిషిలా మూలుగుతుంది. కీర్తికోసం తన దగ్గరికొచ్చిన లుజీయాను వాడు బంధించింది అందులోనే. వాడు రుద్దాడు... డప్పు వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ గొంతును 'పో' అను. నీ నోటితోనే అనాలి. అనకపోతే నీ కూతురి గొంతు లాగేస్తా."

గొంతు పోతే ఇక నైనికను పేరుపెట్టి పిలవడం కుదరదు! శ్రీవిద్యకు ఈ కీర్తి ఏం చేసుకోను అనిపించింది. అయినా అనక తప్పదు. కానీ సాగనంపేటప్పుడు 'పో' అనడం ఆ నోటికి అలవాటు లేదు. రోజూ స్కూల్ బస్ ఎక్కే కూతురితో ఏమంటుందో, ఏడుస్తూ అదే అనేసింది.

"వెళ్ళిరామ్మా."

రాఘవులు ముఖం పాలిపోయింది. "రమ్మన్నావా... ఎంత పని చేశావే!"

గొంతు వెళ్ళింది. కుయీకాలో దూరింది... రమ్మన్న మాటకు కట్టుబడి తిరిగొచ్చింది! దాని వెంటే, అది తెరిచిన దారిన, లుజీయా బయటికొచ్చింది. తోలు ఫెటిల్లున చిరిగింది. కపాలం ముక్కలైంది. మంత్రం అందుకోబోయిన రాఘవులుకు నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. వాడి రొమ్ములోంచి కుయీకా మూలుగు మొదలైంది... మూలిగి మూలిగి, వాడు గుప్పెడు బూడిదై రాలిపోయాడు.

శ్రీవిద్య భయంభయంగా కూతురి పేరు పలికి చూసుకుంది. బొంగురుగా ఉన్నా తన గొంతే. కన్నీళ్లు ఆగలేదు.

మెట్లపైన తలుపు దానంతటదే తెరుచుకుంది. గడప దగ్గర చల్లగాలి ఒక్క క్షణం ఆగింది. తెలుగు ముక్క రాని లుజీయా, శ్రీవిద్య గొంతులో ఇన్నాళ్లూ పలికి నేర్చుకున్న మర్యాదతో, మెత్తగా చెప్పింది.

"వెళ్ళొస్తాను."