పంపు హౌసులో నిద్రపోయినవాడు

చీకటి పడితే పాత పంపు హౌసు వైపు ఎవరూ పోరు. అటు అడ్డదారిన పోతే అయిదు నిమిషాల్లో ఇల్లు చేరే మనిషి కూడా, కాలవ గట్టంతా చుట్టి అరగంట నడుస్తాడు గానీ ఆ గోడ పక్కనుంచి పోడు. ఎందుకయ్యా అంటే — లోపల ఒకాయన తిరుగుతుంటాడు. ఇనప చక్రం తిప్పుతుంటాడు. కిర్ర్... కిర్ర్... మధ్యమధ్యలో గొలుసు ఈడ్చిన చప్పుడు.

గొలుసు సంగతి ముందే చెప్పేస్తున్నా. అది నేను కలిపింది.

నవ్వకండి. నేను బడి వ్యాను డ్రైవర్ని. పిల్లల్ని ఎక్కించుకోవడం, దింపడం తప్ప నాకు వేరే పాపం తెలీదనుకునేవాణ్ణి. కానీ ఆ దెయ్యాన్ని పుట్టించింది మేమిద్దరమే — నేనూ, గూళ్ల మేడమూ.

గూళ్ల మేడం అన్నది పిల్లలు పెట్టిన పేరు. పిట్టగూడు కనబడితే చాలు, నడిరోడ్డు మీదైనా సరే, "ఆపన్నా, ఆపు!" అని కేకేస్తుంది. ఆవిడ పాఠాలన్నీ బయటే. చెట్టు మొదలుకి తాడు చుట్టి వయసు లెక్కేయించడం, పాత ఇటుకల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించి అచ్చు తీయించడం, వీధి అరుగుల మీద ముసలాళ్లని పట్టుకుని "అప్పట్లో ఇక్కడేముండేది తాతా?" అని అడిగించడం. "చూడండి, కొలవండి, అడగండి. ఆ తర్వాతే రాయండి" అంటుంది రోజూ. వినీ వినీ నాకే కంఠతా వచ్చేసింది.

ఎనిమిదేళ్ల కిందట ఒకసారి పిల్లల్ని ఆ పంపు హౌసు చూపించడానికి తీసుకెళ్లాం. లోపల నేలలో ఒక గొయ్యి ఉంది. కాలవ నీళ్లు దిగే గొయ్యి, రెండు నిలువుల లోతు. మూత ఎప్పుడో పోయింది. మేడం ఇటు తిరిగి గోడ కొలిపిస్తుంటే, అటు ఇద్దరు పిల్లలు బోర్లా పడుకుని, తలలు గొయ్యిలోకి పెట్టి, రాళ్లు వేస్తూ లెక్కపెడుతున్నారు.

మేడం చూసి పరిగెత్తింది. కాళ్లు పట్టి వెనక్కి లాగింది. తిట్టింది. ఏం లాభం? వద్దంటే అక్కడికే పోవాలనిపించే వయసు. వాళ్ల కళ్లు చూస్తేనే తెలిసిపోయింది, ఆదివారం మళ్లీ వస్తారని.

అందుకని తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో, గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"ఇక్కడ పనిచేసిన ఆపరేటరు ఒక రాత్రి డ్యూటీలో నిద్రపోయాడర్రా. నీళ్లు ఆపే చక్రం కట్టెయ్యలేదు. నీళ్లు పొంగిపోయి దిగువన నాలుగిళ్లు మునిగాయి. ఉలిక్కిపడి లేచి, చీకట్లో చక్రం కోసం పరిగెత్తి... ఆ గొయ్యిలో పడిపోయాడు. ఇప్పటికీ రాత్రిళ్లు చక్రం కట్టేస్తూనే ఉంటాడు..."

కిక్కురుమన్న పిల్ల లేదు. నేను ఊరుకోవచ్చు కదా! అద్దంలో ఆ మొహాలు చూసేసరికి సరదా పుట్టింది. "కాలికి గొలుసు కూడా ఉంటుంది మేడం, నేను విన్నాను" అన్నాను.

అంతే. ఆ తర్వాత ఒక్కరు ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. మాకు ఎంత గర్వమో! ప్రతి ఏడూ కొత్త పిల్లలకి చెప్పేవాళ్లం, ఏడాదికో తోక కలిపేవాళ్లం. మూడో ఏడు వచ్చేసరికి చూడండి — పిల్లలు వీధిలో ముసలాళ్లని అడిగి రాసుకొచ్చిన కాగితాల్లో ఆ కథే ఉంది! ఒకామె ఆ చక్రం చప్పుడు తన చెవులతో విన్నదట. నేనూ మేడమూ పడీ పడీ నవ్వుకున్నాం.

ఒక్కటి మాత్రం అడగలేదు. అక్కడ నిజంగా పనిచేసింది ఎవరు? అడగండి, అడగండి అని పిల్లల్ని చంపుకుతినే మనిషి — అది అడగలేదు. పంపు హౌసు మూతపడి ఇరవయ్యేళ్లు దాటింది, ఉన్నవాళ్లలో సగం మంది కొత్తగా వచ్చినవాళ్లు. అలాంటి మనిషి ఒకడుండి ఉంటాడన్న ధ్యాసే మాకు లేదు. ఇప్పుడు తల్చుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

పోయిన ఏడు వానలు వెలిశాక, రాత్రి పురుగుల పాఠం పెట్టింది మేడం. కాలవ పక్క ఖాళీ జాగాలో రెండు కర్రలకి తెల్లదుప్పటి కట్టి, వెనకాల దీపం పెడితే, రెక్కల పురుగులన్నీ వచ్చి వాలతాయి. పిల్లలు భూతద్దాలతో చూసి బొమ్మలు గీసుకుంటారు. అక్కడినుంచి పంపు హౌసు కేకేస్తే వినబడే దూరం.

ఏడున్నరకి పాఠం అయిపోయింది. ఇరవై ఇద్దరు వచ్చారు, ఇరవై ఇద్దరినీ ఎక్కించుకున్నాను. మేడం మాత్రం ఎక్కలేదు. ఆవిడకో నియమం ఉంది — దుప్పటి దులపకూడదు. దీపం ఆర్పి, పురుగులన్నీ వాటంతటవి ఎగిరిపోయేదాకా కూర్చోవాలి. దులిపితే రెక్కలు పోతాయిట.

"పిల్లల్ని దింపేసి గంటలో వస్తా మేడం" అని బయల్దేరాను.

ఇక్కణ్ణుంచి కాసేపు ఆవిడ నాకు చెప్పిందే చెప్తున్నా.

దీపం ఆర్పేసింది. చీకట్లో తెల్లదుప్పటి ఒక్కటే మసగ్గా ఉంది. పురుగులు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. కాలవ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు...

టక్.

కాస్త ఆగి... టక్. టక్.

పంపు హౌసు వైపునుంచి. తర్వాత ఏదో బరువైంది నేలమీద ఈడ్చినట్టు — బర్ర్... మళ్లీ ఏమీ లేదు. అంతలో —

కిర్ర్... కిర్ర్...

మేడానికి ముందు నవ్వొచ్చిందట. ఆ వెంటనే ఒళ్లు జల్లుమందట. ఊళ్లో ఇంకెవరైనా భయపడొచ్చు గానీ, ఆవిడ ఎలా భయపడుతుంది? ఆ దెయ్యం ఏ రోజు పుట్టిందో, ఏ సీట్లో కూర్చుని పుట్టించిందో ఆవిడకి తెలుసు. చక్రం చప్పుడు తన నోటితో తను చేసిందే. మరి ఇప్పుడు తిప్పుతున్నదెవరు?

నాకు ఫోన్ చేసింది. పిల్లలు బండిలో ఉంటే నేను ఫోన్ ముట్టను. అది అలా మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది ఆవిడకి. ఏ పిల్లో వ్యాను దిగిపోయి అక్కడికి పోలేదు కదా? లెక్క సరిపోయింది, నిజమే... అయినా? ఆ గొయ్యి కళ్లముందు మెదిలేసరికి దెయ్యం సంగతి మర్చిపోయి, టార్చి పట్టుకుని పరిగెత్తింది.

గుమ్మం దగ్గర ఆగింది. లోపల నేలమీద చిన్న దీపం. గొయ్యి మీదికి వంగి ఒక ఆకారం... తెల్లజుట్టు... సన్నటి వీపు...

"ఎవరు...?" అంది గుసగుసగా.

ఆకారం ఇటు తిరగలేదు. చెయ్యి ఒక్కటి పైకెత్తింది.

"లోపలికి రాకండి... గొయ్యి ఉంది."

పిల్లలతో ఏడేళ్లుగా మేడం అంటున్న మాటే అది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆకారం మెల్లగా లేచి ఇటు తిరిగింది. పెదాల మధ్య నాలుగు మేకులు. చేతిలో సుత్తి. పక్కన నూనె డబ్బా. గొయ్యి మీద అప్పటికే మూడు చెక్కలు బిగించి ఉన్నాయి.

ముసలాయన మేకులు నోట్లోంచి తీసి, "జడుసుకున్నారా అమ్మా? నన్ను చూస్తే అందరూ అంతే" అన్నాడు.

"మీరు...?"

"ఇక్కడ ఆపరేటర్ని. ఇరవై ఆరేళ్లు చేశాను."

"బతికే ఉన్నారా!" — ఆవిడ అనుకోకుండా నోరు జారింది.

ఆయన నవ్వాడట. "నేను ఉన్నాననే అనుకుంటున్నానమ్మా. ఊళ్లోవాళ్లే ఒప్పుకోవట్లేదు."

పంపు హౌసు మూసేశాక కొడుకు దగ్గరికి పోయి, రెండేళ్ల కిందటే కూతురింటికి తిరిగొచ్చాడట. ఈ గొయ్యికి మూత లేదని చూసి, ప్రాణం ఊరుకోక, మొదట్లో పగలే చెక్క పట్టుకుని వచ్చాడు. గట్టు మీద ఆడుకునే పిల్లలు చూసి, "దెయ్యం! దెయ్యం!" అని అరుస్తూ పరుగు లంకించుకున్నారు. ఒకడు పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. "ఆ పరుగులో ఎవడైనా కాలవలో పడితే? అందుకే రాత్రిళ్లు వస్తున్నా. నేను వేసిన చెక్కలు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోతారు, మళ్లీ వేస్తుంటా. వచ్చినప్పుడు చక్రానికి కాస్త నూనె పెట్టి తిప్పుతాను. ఊరికే... చెయ్యి ఊరుకోదు."

మేడం గోడ పట్టుకుని నిలబడింది.

"మీరు బడి మేడం కదూ? మా మనవరాలు ఆరో తరగతి, మీ దగ్గరే. నేనెవరో తోటి పిల్లలకి తెలిస్తే ఎక్కడ వెక్కిరిస్తారోనని, వీధిలో నా పక్కన నడవదమ్మా. నిద్రపోయి నాలుగిళ్లు ముంచాడు కదా, వాళ్ల తాత..." ఆగాడు. "ఆ కథ ఎవరు పుట్టించారో మీకేమైనా తెలుసా?"

"పిల్లలే... ఎవరో అల్లి ఉంటారండీ" అంది మేడం.

ఈ మాట దగ్గరకొచ్చేసరికి నా ముందు ఏడ్చేసింది ఆవిడ. "ఎంత సులువుగా వచ్చేసిందో చూడన్నా, పిల్లల మీదికి నెట్టేశాను" అంది.

ముసలాయన తలూపాడు. "పోనీ కథ మీకు తెలుసుంటుంది కదా, ఒకసారి చెప్పండమ్మా. నా మొహం మీద ఎవరూ పూర్తిగా చెప్పలేదు."

చెప్పింది. తప్పుతుందా! ఆపరేటరు నిద్రపోవడం చెప్పింది, నీళ్లు పొంగడం చెప్పింది. ఆయన బుద్ధిగా వింటున్నాడు, బళ్లో పిల్లాడు విన్నట్టు. గొలుసు సంగతి కూడా చెప్పి, అక్కడ ఆపేసింది.

"నేనేనండీ..." అంది. "అల్లింది నేనే. పిల్లలు ఇటు రాకూడదని..."

ఆయన నాలుగో చెక్క తీసి గొయ్యి మీద సరిగ్గా పెట్టాడు. మేకులు దిగగొట్టాడు. అప్పుడు అడిగాడు.

"ఇన్నేళ్లలో ఎవరైనా పడ్డారా?"

"లేదండీ. ఒక్కరూ పడలేదు."

"అయితే ఉండనీయండి."

"అదేంటండీ..."

"ఉండనీయండమ్మా. చచ్చిపోయానన్నా పర్లేదు. ఆ నిద్ర ఒక్కటే... ఇరవై ఆరేళ్లలో ఒక్క రాత్రి ఇక్కడ కన్ను మూయలేదు నేను. ఆ సంగతి మా మనవరాలికి చెప్తారా? దానికొక్కదానికి చాలు. నేను చెప్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది. మీ మాటయితే నమ్ముతుంది."

నేను తిరిగొచ్చేసరికి దుప్పటి దగ్గర మేడం లేదు. లైట్ల వెలుగులో పంపు హౌసు వైపునుంచి రెండు ఆకారాలు నడిచొస్తున్నాయి. ఒకటి తెల్లజుట్టు, చేతిలో ఏదో ఉంది. దాచుకోవడం ఎందుకు, నేను రివర్స్ గేరు వేశాను.

"అన్నా, ఆగు! ఈయన ఆపరేటర్ గారు" అంది మేడం.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి, మనవరాలితో మాట్లాడాలంది. ఆయన నా వెనక సీట్లో కూర్చుని, "కథ మొత్తం మీద ఆ గొలుసు బాగుంది బాబూ" అన్నాడు, ఊరికే మాట కలుపుదామని. మేడం నా వైపు చూసింది. నేను రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. గొలుసు నాదేనండీ అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? దారి పొడుగునా నోరు రాలేదు.

సన్నటి వీధి, చిన్న ఇల్లు. అరగంట ముందు అక్కడే దింపాను ఆ పిల్లని — మూడో వరస, కిటికీ పక్క సీటు, పెద్దగా మాట్లాడదు. తలుపు కొడితే తనే తీసింది. చేతికి ఇంకా పెన్సిలు మసి ఉంది. మేడాన్ని చూసింది. పక్కన సుత్తితో నిలబడ్డ ముసలాయన్ని చూసింది. నన్నూ చూసింది. మొహంలో రంగు పోయింది.

ఎవరూ ఏమీ అడగలేదు.

"ఈయన మా పై గదిలో అద్దెకుంటారు మేడం" అంది.

ముసలాయన "అవునమ్మా, అద్దెకుంటున్నా" అని, పై గదికి పోతున్నట్టు పక్కకి తిరిగి రెండడుగులు వేశాడు. అక్కడ గోడ ఉంది. ఆ ఇంటికి పై గది లేదు, మెట్లూ లేవు. ఎటు పోవాలో తెలీక, సుత్తి పట్టుకుని ఆ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

మేడం గడపలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "ఆ కథ నేను అల్లిందేనమ్మా. తాతగారు ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. నాలుగిళ్లు మునగలేదు. అన్నీ అబద్ధాలే, నా అబద్ధాలే."

"చచ్చిపోవడం అబద్ధమని నాకు తెలుసు మేడం" అంది పిల్ల. "నిద్రపోవడం కూడానా?"

"అదీనమ్మా."

"మరి నేను ఆ కథ రాసుకొస్తే పదికి పది వేశారు కదా?"

పిల్ల ఆవిడ చేతులు విడిపించుకుని, వాకిట్లోకి దిగి, గోడ దగ్గర నిలబడ్డ ఆయన చొక్కా కొస పట్టుకుంది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు తాతయ్యా?"

"పదికి పది వచ్చాయని అంత సంబరంగా పరిగెత్తుకొచ్చి చూపించావు" అన్నాడు ముసలాయన. "ఎలా చెప్పనే తల్లీ?"