తీగకు గుచ్చిన చీటీ

పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు ఎత్తుకుపోయిన తర్వాత మూడో ఏడు. దీపాలు పెట్టే వేళ, ఏడు గంటలు కావస్తోంది.

కోట ఊరు దాటాక రొయ్యల గుంటల్లో నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి!

జాకీర్ కట్ట మీద పరిగెడుతున్నాడు. గూడూరులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఈ గుంటల కంప్యూటర్ చూసేదీ అతనే.

నీళ్లు కదలడం లేదు. ఇట్లాగే ఉంటే రొయ్యలన్నీ తేలిపోతాయి!

టార్చి వేశాడు. ఒడ్డున చచ్చిన రొయ్య. డిప్ప మీద తెల్లమచ్చలు...

తెగులు! ఇది ఇవాళ తగిలింది కాదు!

షెడ్డు తలుపు తోశాడు.

గోడవార మాలకొండమ్మ. మేత తూచే మనిషి. ఎదురుగా యజమాని పెంచలకృష్ణ. చేతిలో నీటికాకుల్ని తోలే తుపాకి.

"రారా జాకీరూ! నువ్వు చెప్పిన బొక్కలోంచే దూరింది ఈ ముసల్ది!"

"నాకేం తెలుసయ్యా? కిలోలు నొక్కడం తప్ప!"

బొక్క నిజమే. ఏరేటర్లను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రాంలో ఉంది. మాలకొండమ్మకిచ్చినట్టి చిన్న లాగిన్‌తో వచ్చినవాడు అందులోంచి యజమాని అధికారం దాకా ఎక్కిపోవచ్చు. దాన్ని మూసే అప్‌డేట్ వచ్చి నెలయింది. అయిదు నిమిషాలు అన్నీ ఆపాలి, అంతే.

"రొయ్య పట్టేదాకా ముట్టుకున్నావా, చేతులిరుస్తా" అన్నాడు అప్పుడు పెంచలకృష్ణ.

"ఉప్పునీళ్లు నా మళ్లోకి ఒదిలినావని అర్జీ పెట్టినా. దానికేనా అయ్యా ఇదంతా?" అంది మాలకొండమ్మ.

"జైల్లో కూర్చోని పెట్టుకో ఇంకో అర్జీ!" నవ్వాడు పెంచలకృష్ణ.

జాకీర్ మెల్లగా అన్నాడు.

"సార్... ఆ బొక్క నిన్ననే మూసేసినా."

పెంచలకృష్ణ నవ్వు ఆగింది.

"ఏందీ?"

"మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ. అప్పుడు ఏరేటర్లు కాసేపు ఆగినా రొయ్యకేం కాదు. మీరు అన్నానికి పోయినారు. ఇప్పుడు ఆమె లాగిన్‌తో ఎవురూ పైకెక్కలేరు. ఆపాలంటే మీ పాస్‌వర్డే కావాల. తెగులుతో ఎట్టాగూ పోయే రొయ్యని ఆమె నెత్తిన రుద్దుతున్నారు."

తుపాకి లేచింది... జాకీర్ గుండెకు ఎదురుగా!

పక్కకు తిరిగింది.

ఢాం!

కంప్యూటర్ ముక్కలు!

"ఇప్పుడు చెప్పరా! ఎవురు ఆపినారో ఎందులో చూపిస్తావు?"

జాకీర్ ఆ ముక్కల్ని దాటుకుని పోయాడు. కంప్యూటర్‌తో పనిలేకుండా గోడకున్న చేతి మీట పైకెత్తాడు. ఏరేటర్లు తిరిగాయి.

"పోదాం రా అమ్మా."

"నా మేత చీటీలు నాయనా..."

తూకం పక్కనే వేలాడుతోంది చీటీల తీగ.

"తీసకపోవే! జైల్లో లెక్కపెట్టుకుందువు!"

పెంచలకృష్ణకు తెలియనిది ఒకటుంది. బొక్క బయటపడిన రోజే జాకీర్ ఒక కాపలా పెట్టాడు. పెద్ద అధికారంతో ఎవరు లోపలికొచ్చినా, మేత చీటీలు కొట్టే మిషన్ వాళ్ల పేరూ టైమూ కొడుతుంది.

మాలకొండమ్మకు అంకెలు తప్ప అక్షరాలు రావు. మిషన్‌లోంచి ఏ చీటీ వచ్చినా తీగకు గుచ్చేస్తుంది. ఒక్కటీ పారేయదు.

మర్నాడు పొద్దున్నే కోట పోలీసు స్టేషన్. మాలకొండమ్మ మీద ఫిర్యాదు రాసిచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు పెంచలకృష్ణ.

జాకీర్ ఆ తీగను ఎస్సై బల్ల మీద పెట్టాడు. పైచీటీ లాగి ఇచ్చాడు.

ఎస్సై పైకి చదివాడు.

"పెంచలకృష్ణ. సాయంత్రం ఆరూ యాభై రెండు."

కాలు కిందికి దిగింది.