కాటా మీద డెబ్బై కిలోలు

ఊరి చివర, గోదాముల వెనక ఉన్న లారీల కాటాకు మంచి పేరు లేదు. పగలంతా అక్కడ లారీలు బారులు తీరేవి. పొద్దు గూకిందంటే మాత్రం డ్రైవర్లు ఇంకో కాటా వెతుక్కుంటూ చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

ఎందుకంటే, చీకటి పడ్డాక... ఖాళీ కాటా బరువు చూపించేది.

డెబ్బై కిలోలు. ఎక్కువా కాదు, తక్కువా కాదు — ఒక మనిషంత.

వెనక్కి వస్తున్న లారీ కింద పడి ఓ క్లీనరు ఆ కాటా ఇనపరేకుల మీదే ప్రాణం వదిలాడట. ఇదంతా అప్పటినుంచే మొదలైందని అందరూ చెవులు కొరుక్కునేవాళ్ళు.

రాత్రి డ్యూటీ చేసేది ఒక ఆడమనిషి. డ్రైవర్లంతా ఆమెను కాటా అక్క అనేవాళ్ళు. అద్దాల కిటికీ వెనక, కంప్యూటర్ ముందు కూర్చుని బరువు చీటీలు తీసివ్వడం ఆమె పని. దయ్యాలకు జడిసే రకం కాదు. కానీ లారీలు రాకపోయేసరికి ఓనరు తెగేసి చెప్పాడు, దీని సంగతి తేల్చకపోతే రాత్రి డ్యూటీ ఎత్తేస్తానని. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. కాటా బిగించినవాళ్ళొచ్చి తీగలన్నీ చూశారు. "మా దాంట్లో లోపం లేదమ్మా, మీ కంప్యూటర్‌లోనే ఉంది," అని చేతులు దులుపుకుని పోయారు.

ఇక లాభం లేదని, కంప్యూటర్లు బాగుచేసే తమ్ముణ్ణి పిలిపించుకుంది.

"రీసెట్ కొట్టేద్దాం అక్కా. కొత్తదానిలా అయిపోతుంది."

"ఒరేయ్, మా పాప చిన్నప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయిరా! నా ఫోను నీళ్ళలో పడ్డాక ఇంకెక్కడా లేవు."

"నీ ఫైళ్ళు ఉంచి మిగతావి తీసేయమందాంలే. ఉండాల్సినవి ఉంటాయి, పోవాల్సినవి పోతాయి."

తెర మీద డెబ్బై అలాగే వెలుగుతోంది. ఆమె గొంతు తగ్గించింది.

"మరి... అది ఉండాల్సిన వాటిలోకి వస్తుందా, పోవాల్సిన వాటిలోకా?"

"దాన్నే అడుగు," అని నవ్వి బటన్ నొక్కాడు.

తెర నల్లబడింది. రీసెట్ ఎంత శాతం అయిందో చూపే అంకెలు మెల్లగా పెరిగాయి... ఆగాయి... మళ్ళీ కదిలాయి. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. కంప్యూటర్ తనంతట తానే ఆరిపోయి, తనంతట తానే లేచింది.

ముందు ఫోటోలే తెరిచింది. బోసినోటితో నవ్వుతూ పాప! ఒక్కటీ పోలేదు. ఆమె ప్రాణం లేచొచ్చింది. పాత ప్రోగ్రాములు మాత్రం ఊడ్చిపెట్టుకుపోయాయి. తమ్ముడు కాటా ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించాడు.

సున్నా.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. సున్నా కదల్లేదు.

"చూశావా? దయ్యమూ లేదు గియ్యమూ లేదు! ఉండు, నేనెక్కితే సరిగ్గా చూపిస్తుందో లేదో తేలిపోతుంది. నేను అరవై ఉంటాను."

అతను బయటికెళ్ళాడు. గాలికి తలుపు దబదబా కొట్టుకుంటుంటే ఆమె గడియ పెట్టి వచ్చి కూర్చుంది. రేకుల మీద అడుగుల చప్పుడు... ఆగింది.

తెర మీద — నూట ముప్పై.

ఆమె కిటికీ సందులోంచి పిలిచింది. "ఒరేయ్... చేతిలో ఏమన్నా ఉందా?"

"ఏం లేదే! ఎంత చూపిస్తోంది?"

లైటు వెలుగులో తమ్ముడు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఒక్కడే.

ఆమె కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. "దిగు... మెల్లగా దిగి వచ్చెయ్. వెనక్కి చూడకు."

అతను దిగాడు. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. అరవై పోతే డెబ్బై మిగలాలి. మిగలాలనే ఆమె మనసులో వేడుకుంది...

సున్నా.

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"సున్నా పడిందా అక్కా?"

"పడిందిరా..."

"అయితే తలుపు తీయవేం?"

గడియ మీద వేసిన చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.